యోధురాలి జడలు

బెంజ్ సర్కిల్ దగ్గర ఆటవస్తువుల షాపులో ఇరవై ముఖాల పాచిక కనబడితే చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పుడు నాకూ అలాంటిది ఉండేది. మావయ్య తెచ్చిచ్చిన, ఒక్కరే కూర్చుని ఆడుకునే సాహసాల ఆటలోది.

అప్పుడు ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్లం. అమ్మ మంచం పట్టింది. ఆ మంచం పక్కనే కూర్చుని, ఆటలో నా పాత్ర అయిన యోధురాలిని తయారుచేశాను. ఒంటరిగా అడవులు దాటాలి కాబట్టి దానికి కత్తి తిప్పడం, నిప్పు రాజేయడం, తన గాయాలకు తనే కట్టు కట్టుకోవడం వచ్చని కాగితం మీద రాశాను.

"దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదమ్మా," అన్నాను గొప్పగా.

అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "మరి దీనికి జడలెవరేస్తారే?"

"నువ్వు వేస్తావుగా."

అమ్మ కాగితాన్ని తిరిగి నా చేతిలో పెట్టింది. "ముందు నువ్వు నేర్చుకో. తర్వాత దానికి నేర్పుదువుగాని," అంది.

మర్నాటి నుంచి అమ్మ పడుకునే చెబుతుంటే, స్కూలుకి నేనే రెండు జడలు అల్లి, పైకి మడిచి రిబ్బన్లు కట్టుకునేదాన్ని. "వెనక పాపిడి కనపడదు, వేలితో తడిమి చూసుకో," అనేది. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నాను. పాపిడి తిన్నగా వచ్చిన రోజు పరుగున వెళ్లి చూపించాను. అమ్మ గోడవైపు తిరిగింది. బాగా కుదరలేదేమోనని విప్పేసి మళ్లీ వేసుకున్నాను.

వేసవి సెలవుల్లో అమ్మ పోయింది. స్కూలు తెరిచిన రోజు కొత్త టీచర్ నా తల నిమిరి, "జడలు ఎంత బాగున్నాయో, అమ్మ వేసిందా?" అన్నారు.

"అవును టీచర్," అన్నాను.

అప్పుడది అబద్ధమనుకున్నాను.