ఫెతువావో పిన్ని సాక్ష్యం

బస్సులో పాట ఆగిందంటే ఫెతువావో పిన్ని ఎవరినో తిట్టబోతోందని మా ద్వీపంలో అందరికీ తెలుసు. ఆమె మా అమ్మకు వరసకు చెల్లెలు. భర్త పోయాక ఆయన బస్సును తనే నడపడం మొదలుపెట్టింది. మగవాళ్లు మొదట నవ్వారు. తర్వాత ఆమె బస్సే ఎక్కారు. చేపల ఫ్యాక్టరీ షిఫ్టుకు వేళ తప్పకుండా చేర్చే బస్సు అదొక్కటే మరి. పిన్ని భారీ మనిషి. డ్రైవరు సీటు సరిపోక పక్కన ఒక చెక్క అతికించారు. అతికించింది ఆమె కొడుకు ఇయోసువా.

పాత ట్రక్కు తెచ్చిస్తే దాని వెనకభాగం కోసేసి, చెక్కతో బస్సు కట్టి, కిటికీలు పెట్టి, రంగులు వేసి ఇవ్వడం ఇయోసువా పని. మంచి పనివాడు. ఎడమ చెవి వినబడదు. అదెలా పోయిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. నేనిక్కడ రాస్తున్నానంటే, పిన్ని ఒక్కసారి నా ఎదుటే నోరు విప్పి చెప్పింది కనుక, రాయాలనిపిస్తే రాసుకోమని నాతో అంది కనుక.

కొన్నేళ్ల కిందట ఫుట్‌బాల్ ఆట ముగిశాక మా ఊరి కుర్రాళ్లకూ కొండవతలి ఊరి కుర్రాళ్లకూ రోడ్డు మీద గొడవైంది. కొండవతలి మరేకో వెనకనుంచి వచ్చి ఇయోసువా తలమీద రాయితో కొట్టాడు. చెవి వెనక ఎముక విరిగింది. అప్పటికి మరేకోకి పదిహేడేళ్లు.

మర్నాడు తెల్లవారేసరికి మరేకో కుటుంబం మొత్తం పిన్ని ఇంటిముందు మోకాళ్ల మీద ఉంది. వంచిన తలల మీద సన్నటి నేత చాపలు. ఎదురుగా కట్టెలు, పొయ్యి రాళ్లు, ఆకులు. మమ్మల్ని వండుకు తిన్నా సరే, మీ ఇష్టం అని అర్థం. ఎండెక్కింది. వాన వచ్చి వెళ్లింది. వాళ్లు కదల్లేదు. పిన్ని ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మా వైపు మగవాళ్లు కొందరు గడప దగ్గర కత్తులతో నిలబడి ఉన్నారు. మా కుటుంబ పెద్ద ఆమె వంక చూసి, "కొడుకు నీవాడు, తీర్పు నీది" అన్నాడు. పిన్ని నడిచి వెళ్లి, వణుకుతున్న చాప ఏదో చూసుకుని, మరేకో తలమీది ఆ చాపను ఎత్తేసింది.

"లేవండి. లోపలికొచ్చి కోకో తాగండి. ఇవాళ్టితో ఈ సంగతి అయిపోయింది. మీ నోటా మా నోటా ఇక రాకూడదు."

చాప ఎత్తడమంటే క్షమించినట్టు. ఎత్తాక మళ్లీ ఆ మాటెత్తడం మాలో కొట్టడంకన్నా పెద్ద తప్పు. చాప ఎత్తారని విని జడ్జీ కూడా మరేకోని ఏడాదిపాటు పోలీసుల నిఘాలో ఉండమని చెప్పి వదిలేశాడు.

ఇయోసువాకి గాయం మానింది, చెవి రాలేదు. సైన్యంలో చేరాలని చిన్నప్పటి నుంచీ వాడి కోరిక. మా ఇళ్లలో గోడమీద యూనిఫాం ఫోటో లేని ఇల్లు అరుదు. వాడు హొనొలులు దాకా వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు. ఒక చెవి లేకపోయినా చేర్చుకొమ్మని మినహాయింపుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. కుదరదన్నారు. "ఆర్డర్లు ఒక చెవితో వింటే సగమే పాటిస్తానని భయమట" అని అందరినీ నవ్వించాడు. తర్వాత చాలాకాలం చర్చిలో పాడలేదు.

ఇయోసువాని కాదన్న మరుసటి ఏడు మరేకో సైన్యానికి దరఖాస్తు పెట్టాడు. తండ్రికి చక్కెర జబ్బుతో కాలు తీసేశారు. తల్లి తాలోసగా చేపల ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి నడుము పోగొట్టుకుంది. వెనక తమ్ముళ్లూ చెల్లెళ్లూ. రాతపరీక్షలో వాడికి మంచి మార్కులే వచ్చాయి. చేర్చుకునే ఆఫీసులో సార్జంట్ తుఫోనో, "ఎప్పుడైనా పోలీసు కేసయిందా?" అని అడిగాడు. "లేదు" అన్నాడు మరేకో.

ఆ సంగతి పిన్నికి బస్సులోనే తెలిసింది. షిఫ్టు దిగిన మతలేనా ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టింది.

"విన్నావా ఫెతువావో? కొండవతలి మరేకోని సైన్యం వాళ్లు గెంటేశారట!"

"ఎందుకట?"

"కేసు లేదని అబద్ధం చెప్పాడట. పోలీసుల దగ్గర అంతా ఉంది కదా, బయటపడింది. దొంగమొహం!"

పాట ఆగింది. మతలేనా ఆగలేదు.

"కేసున్నా పరవాలేదటమ్మా, దానికి మినహాయింపు అడగొచ్చట. దాచిపెట్టినవాడికి మాత్రం ఇవ్వరట. ముందే ఒప్పుకుని రెండు కన్నీళ్లు కారిస్తే పోయేది కదా."

"నీ ఇల్లు వచ్చింది, దిగు."

"ఎక్కడ? ఇంకా చర్చే రాలేదు!"

"వచ్చేసింది మతలేనా. దిగు."

మతలేనా గొణుక్కుంటూ దిగింది. కొండ దాటాక మరేకో రోడ్డు పక్కన అరటిగెల భుజాన వేసుకుని నడుస్తూ కనబడ్డాడు. అప్పటికి బస్సులో మిగిలింది నేనొక్కదాన్నే. పిన్ని బ్రేకు వేసింది.

"ఎక్కరా."

"దగ్గరేనమ్మా, నడుస్తాను."

"ఎక్కమన్నాను."

గెల కింద పెట్టి, మర్యాదగా తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆ సార్జంటు అడిగితే లేదని ఎందుకన్నావు?"

"ఏది లేదని?"

"నాతో ఆటలా? నా కొడుకు సంగతి."

మరేకో అరటిగెల వంక చూశాడు. "ఇయోసువా కొత్త బస్సు కడుతున్నాడటగా. బాగా వస్తోందా అమ్మా?"

"నెత్తిమీద ఒకటిస్తాను. అడిగినదానికి చెప్పు."

"మీరడిగినదానికి నా దగ్గర మాట లేదు."

"అడుగుతోంది నేనేరా! నేను!"

వాడి మెడ మీద చెమటలు కారుతున్నాయి. "నన్ను పరీక్షించకండమ్మా" అని మాత్రం అన్నాడు. ఇల్లు రాకముందే దిగి, డబ్బు అద్దం దగ్గర పెట్టి, గెల మర్చిపోయి వెళ్లాడు. పిన్ని వెనక్కి పిలిచి గెల ఇచ్చింది. తర్వాత దారంతా పాట పెట్టలేదు. ఎవరినీ తిట్టనూ లేదు.

ఇంటికొచ్చి కొడుకుతో, రేపు ఆ ఆఫీసుకు వెళ్తున్నానని చెప్పింది. టారో దుంపల తొక్క తీస్తూ నేను అక్కడే ఉన్నాను. ఇయోసువా మొదట సరిగ్గా వినబడలేదేమో అనుకుని కుడిచెవి తిప్పాడు.

"వాడికోసమా? నన్ను వద్దన్న సైన్యానికి వాణ్ని నువ్వు పంపుతావా?"

"వాడు అబద్ధికుడని ఊరంతా అంటున్నారు. వాడు అబద్ధమాడలేదు. నేను వద్దంటే నోరు మూసుకున్నాడు."

"నువ్వన్నది వీధిలో వాగొద్దని. సర్కారుకు చెప్పొద్దని కాదు."

"అలా విడదీసి చెప్పానా నేను? నోటా రాకూడదన్నాను. వాడు నా ముందు కూడా ఆ మాట తియ్యలేదురా, ఇవాళ."

"బాగుంది. వాడి నోటికి బహుమతి, నా చెవికి ఏమిటి? ఒక్కసారి నా తరఫున ఆలోచించమ్మా."

పిన్ని నా చేతిలోని దుంప తీసుకుంది. "నీ తరఫు ఆలోచించి ఉంటే ఆ రోజు వాళ్లను మన మగవాళ్లకు వదిలేసేదాన్ని. చాప ఎత్తినప్పుడే నీ తరఫు తప్పాను నాయనా. ఇప్పుడు సగం దారిలో బండి తిప్పలేను."

"అయితే వెళ్లు. వెళ్లి నా చెవిని వాళ్ల చేతిలో పెట్టి రా."

తలగడ తీసుకుని బస్సులు కట్టే షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అన్నానికి కూడా ఇంట్లోకి రాలేదు.

మర్నాడు పిన్ని చర్చికి వేసుకునే తెల్లబట్టలు కట్టుకుని, నన్ను వెంట తీసుకెళ్లింది. "నువ్వు పుస్తకాలు చదివావు. ఆ సార్జంటు రాసేదీ నేను చెప్పేదీ ఒకటేనా చూడు చాలు. మాట్లాడనక్కర్లేదు" అంది. ఆ చివరి మాట నాకు ధైర్యమిచ్చింది.

సార్జంట్ తుఫోనో మావాళ్ల బిడ్డే కానీ కాలిఫోర్నియాలో పెరిగాడు. కుర్చీ చూపించాడు. పిన్ని దాని చేతులు చూసింది.

"ఇందులో నా కాలొక్కటే పడుతుంది. నిలబడే చెబుతాను."

"అమ్మా, మరేకో విషయం బయటివాళ్లతో నేను మాట్లాడకూడదు. నియమాలు..."

"అయితే మాట్లాడకు. విను."

మొత్తం చెప్పింది. రాయి ఎంతుందో, వెనకనుంచి ఎలా కొట్టాడో, బట్టల మీది రక్తం, ఆస్పత్రి, చెవి. ఏదీ తగ్గించలేదు. తుఫోనో మొహం మారిపోయింది.

"మీరు ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చారా?"

"మంచి చెప్పడానికి వచ్చాను. చెడును తగ్గించి చెబితే నా మంచిని నువ్వెందుకు నమ్ముతావు?" తర్వాత చాప సంగతి చెప్పింది. "వాళ్లను లేపింది నేను. ఇక మాట్లాడొద్దన్నదీ నేను. నువ్వడిగినప్పుడు వాడు లేదన్నాడే, ఆ లేదు నాది. వాడి నోట్లో నేను పెట్టాను. నీకు చెప్పి ఉంటే వాడికి ఉద్యోగం వచ్చేది, నా దగ్గర మాట పోయేది. ఇంట్లో కాలు లేని తండ్రి ఉండి కూడా మాటే పట్టుకుని కూర్చున్నాడు. నాకు కోపం రావాల్సినవాడు, వాడి మీద నాకు గౌరవం వచ్చింది. ఇంతే."

తుఫోనో పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. "నిర్ణయం నాది కాదమ్మా, పైన కల్నల్‌ది. ఆయనకు చాపలూ మోకాళ్లూ తెలియవు. ఎలా రాయను?"

"నీకు తెలుసా?"

"చూడలేదు. మా నాన్న చెప్పేవారు."

"అయితే మీ నాన్న చెప్పినట్టు రాయి."

అతను టైపు చేశాడు. నేను చదివాను. కుర్రాళ్ల మధ్య తోపులాట అని ఉన్నచోట వేలు పెట్టాను. పిన్ని వంగి చూసింది.

"తోపులాట కాదు. వెనకనుంచి రాయితో కొట్టాడు. అలాగే రాయి."

"ఇలా ఉంటే మినహాయింపు రావడం కష్టమవుతుందమ్మా."

"నిజం రాసినందుకు రాకపోతే పోనీ."

మార్చి రాశాడు. పిన్ని సంతకం పెట్టే ముందు, మీ అబ్బాయి సంతకం కూడా ఉంటే బలంగా ఉంటుందన్నాడు.

"వాడు పెట్టడు. అడగను కూడా. చెవి వాడిది, మాట నాది. నా మాట వరకే నేను పెడతాను."

తలుపు దాకా వచ్చి తుఫోనో గొంతు తగ్గించాడు. "మీ అబ్బాయి చెవి విషయంలో మాత్రం నేనేమీ చేయలేనమ్మా. డాక్టర్లు చెప్పాక..."

"నేనడిగానా?" అంది పిన్ని. బస్సెక్కి మాత్రం చాలాసేపు ఇంజను స్టార్టు చేయలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

వెళ్తూ వెళ్తూ మరేకో ఇంటిముందు ఆపి హారన్ కొట్టింది. వాడూ తాలోసగా బయటికొచ్చారు. కిటికీలోంచే అరిచింది. "ఒరేయ్, వాళ్లు మళ్లీ పిలిచి అడుగుతారు. అప్పుడు అంతా చెప్పు. నీ కోసం కట్టిన కథ కాదు, జరిగింది జరిగినట్టు. వాళ్ల దగ్గర మాత్రం చెప్పొచ్చు, నీ నోటికి నేను వేసిన కట్టు నేనే విప్పాను. బయట ఎక్కడైనా వాగితే బస్సెక్కనివ్వను!"

పిలిచారు. కల్నల్ ఫోన్లో చాలాసేపు ప్రశ్నలు వేశాడట. వాడేం చెప్పాడో ఎవరూ పిన్నిని అడగలేదు, ఆమె వాణ్ని అడగలేదు. వానల కాలం మొదలయ్యాక ఒకరోజు తుఫోనో బస్టాపులో చెయ్యెత్తాడు.

"వచ్చిందమ్మా! మినహాయింపు ఇచ్చారు."

"ఆ పిల్లాడికి చెప్పు, నాకెందుకు? ఎక్కుతావా, లేదా? వెనక షిఫ్టువాళ్లున్నారు."

ఆ ఆదివారం తాలోసగా కాల్చిన పంది, డబ్బా మాంసం పెట్టెలు మోయించుకుని వచ్చింది. మా దగ్గర తెచ్చింది తిప్పి పంపడం అవమానమే. పిన్ని గడపలోనే నిలబడి, "మీరంతా కూర్చోండి, నా ఇంట్లో వండింది తిని వెళ్లండి. ఇది మాత్రం ముట్టుకోను తాలోసగా. తీసుకుంటే నా కొడుకు చెవి అమ్ముకున్నట్టవుతుంది" అంది. తాలోసగా ఏడ్చింది. తిన్నారు. పందిని తిరిగి మోసుకెళ్లారు. మతలేనా వారమంతా బస్సులో ఆ పంది గురించే మాట్లాడింది. దాని గురించి మాట్లాడొద్దని పిన్ని ఎప్పుడూ అనలేదు కాబట్టి బతికిపోయింది.

మరేకో విమానం ఎక్కిన రోజు పిన్ని మామూలుగానే షిఫ్టు తిప్పి, విమానాశ్రయంలో తాలోసగా పక్కన కాసేపు నిలబడి వచ్చింది. నేనూ వెళ్లాను. తిరిగొచ్చి, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర, టారో పళ్లెంలో పెట్టుకుని షెడ్డుకు బయల్దేరింది. ఇన్నాళ్లూ పళ్లెం షెడ్డు గుమ్మంలో పెట్టి వచ్చేసేది. ఆ రోజు లోపలికి వెళ్లి చెక్కదుంగ మీద కూర్చుంది.

ఇయోసువా కొత్త బస్సు కిటికీకి చిత్రిక పడుతున్నాడు. పని ఆపలేదు.

"వెళ్లాడా?"

"వెళ్లాడు."

"ఏడ్చాడా?"

"వాళ్లమ్మ ఏడ్చింది. వాడు గుటకలు మింగాడు."

చిత్రిక ఇంకో నాలుగుసార్లు నడిచింది. తర్వాత చేతులు దులుపుకుని, కుడిచెవి తల్లివైపు ఉండేలా తిరిగి కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది."

"అయితే ఇంటికొచ్చి వేసుకో" అంది పిన్ని.