వియన్నా నుంచి బెర్లిన్‌కి గంటా పదిహేను నిమిషాలు

ఇంట్లో కూర్చుని ఒక వెబ్‌సైట్‌కి ప్రయాణాల పేజీలు రాయడం నా ఉద్యోగం. నాకు యూరప్ అప్పగించారు. నేను విమానం ఎక్కింది లేదు. మా బెల్లంపల్లి మీదుగా పోయేవాటిని చూశానంతే. ఆ రోజు వియన్నా, బెర్లిన్ల వంతు వచ్చింది. ఐదు వందల ఇరవై కిలోమీటర్లు, విమానంలో గంటా పదిహేను నిమిషాలు అని పైకి చదువుకున్నాను.

మంచం మీది నుంచి బాపు, మా నాన్న, విన్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, ఆయాసంతో ఇంటికొచ్చిన మనిషి.

"మరి ఇంట్ల నుంచి ఎన్నింటికి ఎల్లాలె?"

"గది రాయం బాపు. విమానం లేసినప్పటి నుంచే లెక్క."

"గదేం లెక్క బిడ్డా?"

బాయిలో డ్యూటీ ఎనిమిది గంటలే. కానీ తల లైటు తీసుకుని, బొగ్గు దాకా నడిచి, మళ్లీ పైకొచ్చి లైటు అప్పజెప్పేదాకా ఆయనకు డ్యూటీయే. అమ్మ కూడా ఆ లెక్క ప్రకారమే బియ్యం కడిగేది.

ఆ తర్వాతి సోమవారం బాపును కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించాలి. ఆ డాక్టర్ హైదరాబాద్ నుంచి నెలకొక్కసారి వస్తాడు, పదకొండింటికి లేచిపోతాడు. తప్పితే మళ్లీ నెల ఆగాలి. బాపు అప్పటికే పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాడు.

"ఐదింటికి ఎల్దాం" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు. రెండున్నర గంటల తొవ్వ. ఏడింటికి ఎల్తే సాలు. యూరప్ మొత్తానికి చెప్తున్న, నాకు కరీంనగర్ తెల్వదా?"

బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మంచిర్యాలలో ఎక్కాల్సిన రెండో బస్సు మేం దిగేసరికే వెళ్లిపోయింది. ఆస్పత్రి ముందు ఆటో దిగేటప్పటికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. డాక్టర్ ఉన్నది రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు.

తొమ్మిది మెట్లెక్కి బాపు కూర్చున్నాడు. లేచాడు, ఇంకో తొమ్మిదెక్కి మళ్లీ కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక నేను మెట్లు లెక్కపెడుతున్నాను. మొదటి అంతస్తు గోడ మీద గడియారం పదకొండు దాటింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

అంతలో డాక్టర్ బ్యాగుతో దిగొస్తున్నాడు. అడ్డంగా నిలబడ్డాను.

"సార్, జర మా బాపును చూడుండ్రి."

ఆయన వాచీ చూసుకున్నాడు, బాపును చూశాడు, పక్కనే మెట్టు మీద కూర్చుని స్టెతస్కోప్ పెట్టాడు. మందులు రాసిచ్చి, "ఇంత ఆయాసం ఉన్న మనిషిని మెట్లెక్కిస్తారామ్మా?" అన్నాడు. ఆయన దిగిపోయాక ఏడ్చేశాను.

బాపు కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"బిడ్డా, విమానానికి మెట్లుంటయా?"

"ఉంటయి బాపు."

"గవి రాసినవా?"

"రాయలే."

"రాయి" అన్నాడు, రెయిలింగ్ పట్టుకుని లేస్తూ. "నాసొంటోడు తొమ్మిది మెట్లకోసారి కూసుంటడని గూడ రాయి."