ఏ బటనూ తీసుకెళ్లని తెర

మా బావని ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ పేరుతో పిలవరు. "పనికొస్తుందిగారు" అంటారు. తెగిన వైరు ముక్క పనికొస్తుంది, పగిలిన స్విచ్చు పనికొస్తుంది. వాటితో నాకు పేచీ లేదు, డబ్బాలో పడుంటాయి. పేచీ అంతా ట్యాగులతోనే.

ఫ్యాక్టరీల్లో యంత్రం పక్కన వేలితో నొక్కే తెర ఒకటి ఉంటుంది. నీళ్లు ఎంత వేడెక్కాయి, తలుపు పడిందా, మోటారు తిరుగుతోందా అని యంత్రం ఆ తెరకి చెప్పే ప్రతి సంగతికీ ఒక పేరు పెట్టాలి. ఆ పేరే ట్యాగు. ఇన్నిటికి మించి పెట్టకూడదని ప్రతి ప్యానెల్‌కీ, అంటే ఆ తెర ఉన్న పెట్టెకీ, ఒక హద్దు ఉంటుంది. మా బావ ఏ పనినీ ఖాళీ తెరతో మొదలుపెట్టడు. పాత పనిని మొత్తంగా కాపీ చేసి పైపైన మారుస్తాడు. అలా పశువుల దాణా మిల్లు ట్యాగులు బిస్కెట్ల ఫ్యాక్టరీకి, అక్కడినుంచి సీసాలు కడిగే చోటికి, చివరికి అన్నీ కలిసి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఈ లాండ్రీకి వచ్చి చేరాయి. ఒక్కణ్ణి భోజనానికి పిలిస్తే వీధంతా వెంటబెట్టుకొచ్చినట్టు.

లాండ్రీలో పెద్ద యంత్రం నడిపేది పెద్దక్క. అందరికంటే ముందు చేరింది కాబట్టి వయసుతో పని లేకుండా అందరికీ పెద్దక్కే. కిందటి వారం ఉతకడం అయిపోయిందని తలుపు తీస్తే, అడుగున మిగిలిన మరుగునీళ్లు ఆమె మోచేతిదాకా చిమ్మాయి. లోపలి వేడి తెలిసేలా తలుపు దగ్గర మేం కొత్త సెన్సరు బిగించాం. అది తెరమీద ఎర్ర దీపంగా కనబడితే చాలు. వేడికి ఒక ట్యాగు, ఎంత దాటితే దీపం వెలగాలో దానికొకటి. రెండే.

దీపం వచ్చినా రాకపోయినా సాయంత్రం షిఫ్టుకి యంత్రం నడవాల్సిందేనని చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు. పెద్దక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, దుప్పట్ల మూటమీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

లాప్‌టాప్ తెరిచి మొదటి ట్యాగు రాయబోతే ఖాళీ లేదంది సాఫ్ట్‌వేరు. సరే, వాడనివి తీసేద్దామని వాటిని వెతికే బటను నొక్కాను. వాడనిది ఒక్కటీ లేదంది. దుప్పట్లు ఉతికే చోట 'ఆవుల సంఖ్య' ఎవడు వాడుతున్నాడు? ఒక్కో ప్యానెల్‌లో పుస్తకంలో పేజీల్లా చాలా తెరలుంటాయి; ఆవుల ఆచూకీ తీస్తే అలాంటి తెర ఒకటి బయటపడింది. ఏ బటను నొక్కినా ఆ తెరకి పోలేం. దాని నిండా చీమల బారుల్లా అంకెలు. ఉన్న ప్రతి ట్యాగునీ బావ తెచ్చి అక్కడ అతికించాడు. ఏదో ఒక తెరమీద ఉంటే చాలు, అది వాడకంలో ఉన్నట్టే లెక్క మరి.

"ఇదేంటి బావా?"

"ఎవరూ చెరిపేయకుండా కాపలా."

"ఆవులకి కాపలానా? ఇక్కడ దూడ కూడా లేదు."

"కాలేజీ వదిలేసినంత తేలిక కాదురా ఇది. తీసేశాక ఏం పోయిందో అప్పటికప్పుడు తెలీదు."

ఆ భయం ఎక్కడిదో ఇంట్లో మా అక్క చెప్పగా విన్నాను. పెళ్లయిన కొత్తలో, రంగులు కలిపే ఫ్యాక్టరీలో, ఆయన ఇదే బటను నొక్కి, వాడనివన్నీ ఒక్క వేటుకి తీసేశాడు. ఆ సాఫ్ట్‌వేరు తెరల్ని మాత్రమే చూస్తుంది. లోపలి చిన్న ప్రోగ్రాములు 'రంగు' అన్న మాటకి అంకె తగిలించి అప్పటికప్పుడు పిలుచుకునే పేర్లు దాని కంటికి ఆనవు. మర్నాడు తొట్టెడు తెల్లరంగు బురదరంగైంది. యజమాని అందులోంచి రెండు డబ్బాలు నింపి, "ఇంటికి తీసుకెళ్లు, పనికొస్తుంది" అని ఆయన చేతిలో పెట్టాడట. అక్కవాళ్ల స్నానాలగది గోడలు ఇప్పటికీ ఆ రంగే.

జాలిపడాల్సిన సంగతే. కానీ ఎదురుగా కాలిన చెయ్యి ఉంది. బావ మంచినీళ్లకి లేవగానే ఆ తెరని పీకేసి మళ్లీ వెతికించాను. వాడనివి వరదలా వచ్చిపడ్డాయి. అందులో 'దాణా తేమ' అన్నదాన్ని చూస్తే ఒళ్లు మండింది. చెరిపేసి ప్యానెల్‌లోకి ఎక్కించాను. ఆ వెంటనే, అదే ప్యానెల్‌తో నడిచే పక్క డ్రయ్యరు 'ఆరింది' అని చూపిస్తూ ఆగిపోయింది. లోపల దుప్పట్లు నీళ్లు కారుతున్నాయి.

బావ వచ్చి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాతది వెనక్కి ఎక్కించి, "దుప్పట్ల తేమకి దాన్నే వాడుకున్నాన్రా. పేరు మార్చడానికి తీరిక దొరకలేదు," అన్నాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన మాటే నిజమైంది, అలా నిజమయ్యేలా చేసిందీ ఆయనే. ఇంక ఎవరితో పోట్లాడను?

ఈలోగా మేనేజరు మళ్లీ వచ్చి దుప్పట్లు వేయమన్నాడు. పెద్దక్క లేచి ఒంటిచేత్తో నింపింది. యంత్రం తిరగడం మొదలైంది. అది ఆగేలోపు దీపం రావాలి.

బావ కుర్చీ లాక్కుని 'ఆవుల సంఖ్య' కోసం ప్రోగ్రాములన్నీ తెరిచి పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

"బావా, ఆవు లేదు. నా మాట విను."

"ఆవు పేరు పెట్టి దేన్ని తోలుతున్నానో నాకు గుర్తుండొద్దూ?"

ఎట్టకేలకు ఆవుని చెరిపాడు. డ్రయ్యరు చూశాడు, నీళ్ల అంకె చూశాడు. తర్వాత 'దూడల సంఖ్య'. మళ్లీ అదే తతంగం. అన్ని వందల్లో రెండంటే రెండు తీశాడు. మిగతావీ పనిలో పనిగా ఊడ్చేద్దామంటే వినిపించుకోకుండా, ఎవరికీ కనబడని ఆ తెరని ఎక్కడిదక్కడ పెట్టేశాడు. నేను పళ్లు నూరుకున్నాను.

ఖాళీ అయిన ఆ రెండు చోట్లా మా ట్యాగులు ఎక్కించాం. దీపం వెలిగింది. పెద్దక్క దగ్గరికొచ్చి కళ్లు చికిలించింది.

"పొద్దుటినుంచి ఇద్దరు కూర్చుని కన్నది ఈ కందిగింజనా తమ్ముడూ? దీన్ని చూడ్డానికి కళ్లజోడు కొనుక్కోవాలి."

బావ ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు. దీపాన్ని పట్టి లాగి సగం తెర చేశాడు. పెంచడానికి ట్యాగు అక్కర్లేదు కదా.

యంత్రం ఆగింది. తలుపు గొళ్లెం టక్కున విడింది. తెర ఇంకా ఎర్రగానే ఉంది. డ్రయ్యరు ఖాళీ అయింది, తియ్యమని మేనేజరు వెనకనుంచి కసురుకున్నాడు. పెద్దక్క చెయ్యి పిడిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆమె బావ వైపు చూసింది.

ఇంట్లో అక్కకి కూడా ఎదురు చెప్పని మనిషి, వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"దీపం ఆరాక తీస్తుందండి."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

మేనేజరు ఏదో గొణిగాడు. ఎవరూ కదల్లేదు. ఎరుపు పోయింది. బావ పక్కకి జరిగాడు, పెద్దక్క తలుపు తీసింది. సన్నగా ఆవిరి వచ్చింది, అంతే.