ఎర్ర ఆలుగడ్డ బిళ్ళలు

నాకు కోపమొస్తే వంటింట్లోకి వెళ్తాను. ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఎమ్మిగనూరులో ఇంకెవరికీ లేదని ఒట్టేసి చెప్పగలను. ఒక్క పూటలో ఇంటి పరువును నూనెలో వేయించిన ఘనుణ్ణి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క పెళ్ళయ్యాక వచ్చిన మొదటి దీపావళి అది. ఆదోని నుంచి బావ, ఆయన తండ్రి వచ్చారు. ఆ మామకు అక్కడ బట్టల అంగడి ఉంది. మేం నేసిన ఎర్రచీరలు ఆయనకు నచ్చితే మా రెండు మగ్గాలకూ ఏడాది పొడవునా పని. నచ్చకపోతే ఒకటి ఆపేయాల్సిందే. ఆ చీరల నూలుకు రంగు వేసింది నేనే.

పొద్దున్నే బావ పళ్ళెం చూసి మూతి విరిచాడు. "మళ్ళీ ఉగ్గాని బజ్జీయేనా బామ్మర్దీ? మీకు ఇంకేం సేసేది రాదా?"

కోపం నషాళానికి అంటింది. ఫోను తీశాను. యూదులు తమ దీపాల పండగకు ఆలుగడ్డలు తురిమి, నీళ్ళు పిండేసి, బిళ్ళలుగా వేయించుకుంటారట. ఒకావిడ చేసి చూపిస్తోంది.

"సూడు బావా, మధ్యాన్నానికి నీ నోరు మూయిస్తా!"

ఆలుగడ్డలతోపాటు వేళ్ళు కూడా తురుముకుని, ఉప్పూ కారం దండిగా కలిపాను. "గట్టిగా పిండాలి" అంది ఫోనులో ఆవిడ. పిండటం మాకు నేర్పుతుందా! తడి నూలును కర్రేసి మెలితిప్పే వంశం మాది. వంటింటి గుడ్డలు నూనె కంపు కొడుతున్నాయి. మగ్గం దగ్గర ఆ ఎర్రచీరల్లోనిదే ఒక కొత్త ముక్క దొరికింది. తురుమును అందులో మూటకట్టి, కర్ర దూర్చి, పళ్ళు కొరుకుతూ తిప్పాను. ఎర్రటి నీళ్ళు కారాయి. కారమే అనుకున్నాను. మీరైతే అనుకోరు, మీకు బుద్ధుంది.

బాణలి చూసి అమ్మ అదిరిపడింది. "ఏందిరా ఇంత ఎర్రగుండాయి?"

"బావకు మంట తెలియాల్లేమ్మా!"

నేను పళ్ళెంతో బయటికొచ్చేసరికి నాయన మామ ముందు చీరలు పరిచి చెబుతున్నాడు. "మా రంగు పదేండ్లు ఉతికినా పోదు బావా."

మామ ఒక బిళ్ళ తుంచాడు. వేళ్ళు ఎర్రబడ్డాయి. తెల్లటి పంచెకు తుడుచుకున్నాడు. పంచె ఎర్రబడింది.

"ఇది కారం కాదప్పా" అంటూ రెండో చేతి వేలు తడిచేసి చీర అంచును రుద్దాడు. ఆ వేలూ ఎర్రబడింది.

నాయన నావైపు తిరిగాడు. "నూలును రంగులో ఎంతసేపు ఉడకబెట్టినావురా?"

"క్రికెట్ సూస్తాంటి నాయనా... బిరీన దించేసినా."

"నీ క్రికెట్టు మన్నుబడ! నా నోటితో అబద్ధమాడించినావు గదరా!"

అమ్మ ఆ పంచెను సబ్బుతో రుద్దింది, నిమ్మకాయతో రుద్దింది, బండకేసి బాదింది. మరక చెక్కుచెదరలేదు. నా లుంగీ కట్టుకుని నిలబడిన మామ దాన్ని ఎండలో పట్టుకుని చూశాడు.

"సీరలో నిలవని రంగు నా పంచెలో ఎంత బాగా నిల్సిందప్పా!"

చీరలతోపాటు ఆ పంచెనూ మాకే వదిలేసి, నా లుంగీతోనే ఆదోని బస్సెక్కాడు. మా రెండో మగ్గం ఉగాది దాకా కదలలేదు. దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

నాయన ఆ పంచెను రంగు తొట్టి ఎదురుగా జెండాలా వేలాడదీసి, నాచేత దానికి దండం పెట్టించి ప్రమాణం చేయించాడు: "కడిగిన నీళ్ళు తేటగా దిగేదాకా నూలును వదలను. నేను బతికుండగా ఆలుగడ్డను పిండను. ఓ పంచె తల్లీ, నువ్వే సాక్షి."