ఎనిమిది బకిళ్ల బావ

మా జయన్న బావ ఏదైనా గుమ్మం ముందు కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడంటే, ఆ టైములో మనం ఆదోనిలో బండెక్కి ఎమ్మిగనూరు చేరి టీ కూడా తాగేయవచ్చు. ఎక్కువ చేసి చెబుతున్నాననుకుంటారేమో. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. కొలవకుండా మాట్లాడను.

జయన్న మా ఆవిడ మల్లేశ్వరికి అన్న. తుగ్గలి వైపు పల్లెల్లో పశువులకు సూదులేసే కాంపౌండరు. ఎద్దుకు కొమ్ము పోటు తగిలినా, బర్రెకు ముళ్లకంచె గీరుకుని తోలు చీలినా బావ బండి మీద వచ్చి కుట్టేసి పోతాడు. అందరూ చెప్పులేసుకు తిరిగే మా సీమలో, మోకాళ్ల కింది దాకా నల్లటి తోలు బూట్లు వేసుకు తిరిగే మనిషి ఆయనొక్కడే. ఒక్కో బూటుకు పట్టీలు బిగించే నాలుగు బకిళ్లు. రెండింటికీ కలిపి ఎనిమిది. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి పోవడం మనకు రెండు సెకన్ల పని. బావకు అది ఒక పూట పని.

మా పెళ్లిలో మల్లేశ్వరి దోసిట్లో పేలాలు పోయాల్సింది సొంత అన్న. అన్న యాడ, అన్న యాడ అని పురోహితుడు మూడుసార్లు అడిగాడు. అన్న బయట మెట్ల మీద మూడో బకిలు దగ్గర ఉన్నాడని కబురొచ్చింది. చివరికి పేలాలు చిన్నాన్న కొడుకు పోశాడు. బావ లోపలికి వచ్చేసరికి మేము అరుంధతీ నక్షత్రం కూడా చూసేశాం. "ఇప్పుడే ఇప్పినానప్పా" అంటూ నేరుగా వచ్చి నా పాదాల వంక చూశాడు. మొహం చూడలేదు. "బండి తోలేవాడివి, చెప్పులేసుకుంటావా?" అన్నాడు. పెళ్లికొడుకుతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

బిడ్డ హేమ పుట్టినాక ఉయ్యాల్లో వేసిన రోజూ అంతే. మేనమామ మొలతాడు కట్టాలి. మేనమామ విప్పుతూనే ఉన్నాడు. బిడ్డ ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయింది.

అయితే బిడ్డ పుట్టాక నాకూ కాళ్ల మీద బెంగ పట్టుకుంది. రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బండి మీదే పోయి వస్తాను. బండి పడితే ముందు దాని కింద చిక్కేది చీలమండ. చీలమండ విరిగితే మూడు నెలలు మంచం. ఆ మూడు నెలలు బిడ్డను ఎవరెత్తుకోవాలి, టీకాలకు ఎవరు తీసుకుపోవాలి, మేడమెట్ల దగ్గర ఎవరు కాపలా ఉండాలి? ఈ లెక్కలు వేసుకుంటూ నేను బండిని ముప్ఫై స్పీడు దాటకుండా తోలడం మొదలుపెట్టాను. ఎమ్మిగనూరు సంతకు పోయే ఎద్దుల బండి ఒకసారి నన్ను దాటిపోయింది. అప్పుడు బావ దగ్గరకు పోయాను.

బావ నాకు ముందు తన బూట్ల చరిత్ర చెప్పాడు. మొదట్లో ఆయనవీ టైరు చెప్పులే. సైలెన్సరు పిక్కకు అంటుకుని రూపాయి బిళ్లంత మచ్చ పడింది. ఆ మచ్చ చూపించడానికి ప్యాంటు పైకి లాగాడు కాబట్టి నమ్మాను. తర్వాత ఎరువుల అంగట్లో దొరికే రబ్బరు గమ్‌బూట్లు కొన్నాడు. వాన నీళ్లు బయటి నుంచి రాలేదు, పైనుంచి వచ్చాయి; వచ్చినవి పోలేదు. చిప్పగిరి దాకా పోయి చూస్తే లోపల ఒక కప్ప ఉంది. తర్వాత గుంతకల్లులో పోలీసోళ్ల లాంటి లేసుల బూట్లు. లేసు గేరు రాడ్డుకు చుట్టుకుని, బండి ఆగింది గానీ కాలు కింద పెట్టలేక, నలుగురు చూస్తుండగా మెల్లగా, మర్యాదగా పక్కకు ఒరిగిపోయాడు. తర్వాత ఫ్యాక్టరీలో వేసుకునే ఇనుప ముక్కు బూట్లు. ఆ ముక్కు గేరు కింద దూరేది కాదు. ఆదోని నుంచి తుగ్గలి దాకా రెండో గేరులోనే పోయాడట. చిట్టచివరికి బళ్లారిలో ఈ ఎనిమిది బకిళ్లవి దొరికాయి. పదకొండేళ్లయింది. ఆదోని పాత బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే మారెప్ప వాటికి మూడుసార్లు అడుగు మార్చాడు.

"మంచి బూటు ఎట్ల చూడల్ల బావా?" అని అడిగాను.

అడగకూడదని తర్వాత తెలిసింది. ఆరు నెలలు నన్ను అంగళ్ల చుట్టూ తిప్పాడు. ఎక్కడికి పోయినా సాయంత్రమే. పొద్దున కంటే సాయంత్రానికి పాదం ఉబ్బుతుందట, ఉబ్బిన కాలికి సరిపోయిందే సరైన కొలతట. వేసుకునే మేజోళ్లు వెంట తెచ్చుకోవాలి. బూటు చేతికి రాగానే రెండు చేతులా పట్టుకుని తడి గుడ్డ పిండినట్టు పిండేవాడు. మెలి తిరిగిందంటే పక్కన పెట్టేవాడు. మడమను బొటనవేలితో నొక్కేవాడు. లోపలికి పోయిందంటే పక్కన పెట్టేవాడు. చీలమండ ఎముకకు రెండు పక్కలా గట్టి దిమ్మ ఉండాలి, ఎడమ బూటు మీద గేరు తగిలే చోట తోలు రెండు పొరలు ఉండాలి, అడుగు నున్నగా ఉండకూడదు. అంగడివాడు "వాటర్‌ప్రూఫ్ సార్" అంటే, "నీళ్లు రావు సరే, మా ఎండకు లోపలి చెమట యాడికి పోతుందప్పా?" అని అడిగేవాడు. అన్నీ సరిపోతే నన్ను బండి మీద కూర్చోబెట్టి గేర్లు వేయించేవాడు, దింపి మెట్లు ఎక్కించేవాడు, గొంతుక్కూర్చోబెట్టేవాడు. ఒక అంగడివాడు మమ్మల్ని దూరం నుంచి చూసి షట్టరు సగం దించేశాడు. ఆరు నెలలైనా ఒక్క జతా బావ పరీక్ష పాసు కాలేదు, నేను చెప్పుల్లోనే ఉండిపోయాను.

ఒకసారి జిప్పున్న జత ఒకటి తీసి నాకు చూపించాడు. "జిప్పు లోపలి పక్కకు ఉండల్ల. బయటి పక్క ఉంటే బండి పడినప్పుడు రోడ్డుకు రాసుకుని తెగిపోతాది."

"ఇంత సులువుగా జిప్పులుంటే మీకు ఈ బకిళ్ల తిప్పలెందుకు?" అన్నాను.

"నావి పాతవి గదప్పా" అని మాట మార్చాడు.

ఆయన ఆలస్యాన్ని నేను కొలవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టేవాణ్ణి. మా ఇంట్లో మేము ముగ్గురమే ఉన్నప్పుడు మూడు నిమిషాలు. నలభై మంది వచ్చిన గృహప్రవేశంలో ముప్ఫై ఐదు. చిప్పగిరిలో ఒక పెద్దకర్మకు డెబ్బై మంది వచ్చారు. గంటకు నిమిషం ఎక్కువ. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. బూట్లు అవే, బకిళ్లు అవే. జనం పెరిగే కొద్దీ టైము పెరుగుతోంది. మీ అన్నకు జనమంటే బెరుకని మల్లేశ్వరికి శాస్త్రీయంగా నిరూపించి చెప్పాను.

"మా అన్నకు బెరుకా? సంతలో ఎద్దు వెనక నిలబడి పాటలు పాడతాడు" అంది.

గీత అబద్ధం చెప్పదన్నాను.

మారెప్ప కూడా ఒక మాట అన్నాడు, నేను పట్టించుకోలేదు. "ఆ బూట్లకు ఏడాదికి ఒక ఉండ దారం సాలు సార్. మీ బావ నెలకొక ఉండ కొనుక్కపోతాడు. ఏం జేస్తాడో ఏమో, తింటాడేమో."

ఈ శ్రావణంలో హేమకు పుట్టువెంట్రుకలు పెట్టుకున్నాం, ఉరుకుంద ఈరన్న గుడి సత్రంలో. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. హేమ జుట్టు అప్పటికే పీచులా అల్లుకుపోయి, దువ్వెన చూస్తేనే ఏడుపు. ముహూర్తం పది ఇరవై నుంచి పది నలభై ఎనిమిది దాకా. మా అత్త సరస్వతమ్మ ముందే చెప్పేసింది: "ఈసారి గూడా వాడు మెట్ల మీదనే ఉంటే, ఆ బూట్లు నేనే తుంగభద్రలో ఏసొస్తా. పిల్ల పెండ్లికి గూడా వాడు రాలేడు, రాసిపెట్టుకో."

చెప్పులేసుకు రమ్మని బతిమాలాను. "బండి మీద వచ్చేదా, చెప్పులతోనా?" అని బావ నొచ్చుకున్నాడు. అందుకని గ్రాఫు తీశాను. మా వాళ్లు అరవై మంది. గీత ప్రకారం యాభై రెండు నిమిషాలు. ముహూర్తం తొమ్మిది ఇరవైకే అని బావకు ఒక గంట ముందుకు జరిపి చెప్పాను.

బావ తొమ్మిది పదికే వచ్చాడు. సత్రం మెట్ల మీద కూర్చున్నాడు. మొదటి బకిలు మీద చేయి వేయడం చూసి నేను నిశ్చింతగా లోపలికి పోయాను. పది దాటి రెండు నిమిషాలకు లేస్తాడని అత్తకు చెప్పాను. పది దాటి రెండయింది. పదీ ఇరవై అయింది. పదిన్నర అయింది. మంగలాయన కత్తెర తుడిచి, మళ్లీ తుడిచాడు. అత్త నా వైపు చూడటం మానేసింది. గీత ఇంతవరకూ నన్ను మోసం చేయలేదు. పది నలభై ఒకటికి బిడ్డను మల్లేశ్వరి చేతికిచ్చి బయటికి పరిగెత్తాను.

బయటికి రాగానే నా లెక్క ఎక్కడ తప్పిందో కనిపించింది. మెట్ల మీద ఉన్నవి మా అరవై జతలే కాదు. పక్క గదిలో దిగిన ఒక బస్సు జనం చెప్పులు కూడా అక్కడే గుట్టగా ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ మనుషుల్ని లెక్కపెట్టాను. లెక్కపెట్టాల్సింది వాళ్లు విడిచినవి.

బావ నాకు వీపు చేసి కూర్చున్నాడు. ఒక బూటు మీదికి అలాగే వంగి ఉన్నాడు. చూసేవాడికి బకిలుతో కుస్తీ పడుతున్నట్టే ఉంటుంది. ఆ బూటు చాటున ఒళ్లో ఒక పాత చెప్పు. పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకు నడిచిన చెప్పు. ఆ పిన్నీసు తీసి పక్కన పెట్టి, బర్రెల తోలు కుట్టే వంకర సూదితో బావ పట్టీని కుడుతున్నాడు.

"బావా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి చెప్పును బూటు కిందికి తోశాడు. నేనని తెలిశాక మళ్లీ బయటికి తీశాడు. "మెల్లగ మాట్లాడప్పా. ఇదొక్కటే మిగిలింది."

"ఎవరిదది?"

"నాకేం తెలుసు. ఎవురో ముసలామెది. చూడు, పిన్నీసు కుచ్చుకోని యాలు పుండయింటాది."

"అడిగి కుట్టొచ్చు కదా బావా. చాటుగా ఎందుకు?"

"అడిగితే ఇస్తారా? తెగిన చెప్పు నలుగురిలో ఎత్తి చూపిస్తే వాళ్లకు నామర్దా. పెద్దోడివి నువ్వు ముట్టుకోవద్దని కాళ్లకు అడ్డం పడతారు." దారం పళ్లతో లాగాడు. "బూట్లు ఇప్పేవాణ్ణి మాత్రం ఎవురూ చూడరు. చూసి చూసి యాష్టకొచ్చి పోతారు."

నాకు పేలాలు గుర్తొచ్చాయి. మొలతాడు గుర్తొచ్చింది. నా చెప్పులు మూడేళ్లుగా తెగలేదని, వాటిని తయారుచేసిన కంపెనీని నేను మెచ్చుకుంటూ ఉండటం కూడా గుర్తొచ్చింది.

"బావా, ముహూర్తం ఇంక ఐదు నిమిషాలే ఉంది. తొమ్మిది ఇరవై అని నేను అబద్ధం చెప్పాను."

"తొమ్మిది ఇరవై దాటిపోయింది గదా, ఎట్లాగూ తిట్లు తప్పవు, అన్నీ అయినాకనే పోదాంలే అనుకున్నా" అని ఆయన ఒక్కసారిగా తలెత్తాడు. "ఇంగా ఉందా?"

"నాలుగున్నర. మీ బూట్లు విప్పేసరికి..."

బావ వంగి బూటు లోపలి పక్క తోలు మడతను ఎత్తాడు. దాని కింద జిప్పు. జర్రుమంది. రెండోదీ జర్రుమంది. రెండు బూట్లూ కలిపి నాలుగు సెకన్లు. ఎనిమిది బకిళ్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బావ నా చేతిలో సూదీ చెప్పూ పెట్టాడు. "ఇంగ నాలుగు కుట్లుండాయి. ఎయ్యి. లోపలి నుంచి బయటికి." కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా సవరించుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

నేను మెట్ల మీద కూర్చున్నాను. మొదటి కుట్టు నా వేలికే వేసుకున్నాను. లోపల అత్త "వచ్చినాడే, వచ్చినాడే" అనడం వినిపించింది. రెండో కుట్టు పడింది. కత్తెర చప్పుడు వినిపించలేదు గానీ, హేమ ఏడుపు మాత్రం మెట్ల దాకా వచ్చింది. లేద్దామనుకున్నాను. ఇంకా రెండు కుట్లున్నాయి. నా బిడ్డ పుట్టువెంట్రుకలు ముహూర్తానికి తీశారు, మేనమామ ఒళ్లోనే తీశారు. తండ్రి ఒక్కడే అక్కడ లేడు.

నాలుగో కుట్టు ముడేసి చెప్పు కింద పెట్టేసరికి పక్క గది నుంచి ఒక ముసలావిడ వచ్చింది. వెనక నుంచి ఎవరో "ఈరమ్మా, బిరబిరా రా" అని పిలుస్తున్నారు. ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఆగి, వంగి పట్టీ తడిమింది.

"నా పిన్నీసు ఏమయిందే? దేవుడి తావున గూడా పిన్నీసు ఎత్తుకపోతే ఎట్లనప్పా?"

నేను పక్కనున్న పిన్నీసు తీసి అందించాను. ఆమె నన్ను దొంగను చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. పిన్నీసు గాజుకు తగిలించుకుని, టకటకా మెట్లు దిగి పోయింది. కుంటడం లేదు.

లోపలికి పోతే హేమ నున్నటి గుండుతో మామ మెడ పట్టుకుని బెల్లం తింటోంది. మల్లేశ్వరి నన్ను నిలదీసింది. "బిడ్డ గుండు గీస్తాంటే యాడికి పోయినావు నువ్వు?"

బావ నా వైపు చూడలేదు. బిడ్డ నెత్తికి గంధం చాలా శ్రద్ధగా పూస్తున్నాడు.

"బూట్లు విప్పుతున్నా" అన్నాను.

ఆమె నా కాళ్ల వైపు చూసింది. నేను వచ్చింది చెప్పుల్లో.

మరుసటి ఆదివారం బళ్లారి పోయి బూట్లు కొన్నాను. గట్టి మడమ, మెలి తిరగని అడుగు, లోపలి పక్క జిప్పు. బయట ఎనిమిది బకిళ్లు. జిప్పున్నాక ఇన్ని బకిళ్లెందుకని మల్లేశ్వరి అడిగింది. మంచి బూటుకు రెండూ ఉండల్లని మీ అన్న చెప్పినాడన్నాను.

దారం మాత్రం మారెప్ప దగ్గరే కొంటున్నాను. ఇప్పుడు ఆయన నన్ను కూడా అనుమానంగా చూస్తున్నాడు.