పాపికొండల బోటు ఎక్కేముందు

పాపికొండల బోటు రాజమహేంద్రవరంలోనే ఎక్కాలనుకుని పుష్కర ఘాట్‌కి వెళ్లాను. అది ఎగువన గండి పోచమ్మ గుడి దగ్గర బయలుదేరుతుందని అక్కడ తెలిసింది. మర్నాడే తిరుగు ప్రయాణం, ఈ బోటు తప్పితే ఇక అంతే. ఆటోలో దారంతా వాచీ చూసుకుంటూనే ఉన్నాను.

రేవులో దిగేసరికి బోటు ఇంజను మోగుతోంది. పరుగెత్తాను. బోటులోకి వేసిన బల్ల పక్కన ఒక పెద్దావిడ వంగి, గోదావరి నీళ్లు తల మీద చల్లుకుంటోంది. ఆవిడను దాటి బల్ల మీద కాలు పెట్టబోయాను.

"ఆగండి బాబూ! గోదారమ్మకి దణ్ణం పెట్టుకోకుండా ఎక్కేస్తారేంటండీ?"

"బోటు వెళ్లిపోతుందండీ!" దాదాపు అరిచాను.

"ఎక్కడికి వెళ్లిపోద్దండీ? ముందు నీళ్లు చల్లుకోండి."

పళ్లు బిగబట్టి వంగాను. నా వెనక ఒకాయన చెప్పులు విప్పి, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు.

"త్వరగా కానివ్వండి, మనల్ని వదిలేసి పోతారు," అన్నాను.

ఆయన తాపీగా వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"కంగారు పడకండి. ఆ బోటు నడిపేది నేనేనండి."