నేను మూసిన గాలి

ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టినదాన్ని. ఊపిరితిత్తుల గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. అలాంటి నేను విమానమెక్కి మస్కట్ పోతానంటే మా కోరుట్ల వాడకట్టంతా వద్దంది. నేను పోయి తీరాలనుకున్నాను. అక్కడ నా కూతురికి నెలలు నిండాయి. మొదటి కాన్పులో పసిగుడ్డు దక్కలేదు. ఈసారి దాని పక్కన నేనుండాలి, అంతే.

జగిత్యాల డాక్టరు పరీక్ష చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "విమానంల గాలి ఎండి ఉంటదమ్మా. పైకి పోయేసరికి గుట్ట ఎక్కినట్టు పలుచబడ్తది. నీళ్లు మంచిగ తాగు. పీల్చే పంపు చేతిలనే పెట్టుకో."

ప్రయాణం చెయ్యవచ్చని చీటీ కూడా రాసిచ్చాడు. దాన్ని కొంగున ముడేసుకున్నాను గానీ ఎవరికీ చూపించదలుచుకోలేదు. గల్ఫ్ చూసొచ్చిన పక్కింటామె భయపెట్టింది మరి. "రోగమని తెలిస్తే దించేస్తరు, చూపియ్యకు" అని.

అవి తెలంగాణ కోసం ఊరూరా బందులు నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు. టికెట్ల ఏజెంటు కుదిర్చిన కారు సిరిసిల్లలో ఇంకొకతన్ని ఎక్కించుకుంది. పదిహేనేళ్ళు మరమగ్గాల మీద పనిచేసి మొదటిసారి మస్కట్ పోతున్నాడు. ఊరు దాటకముందే బందులో భాగంగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి జనం వంటలు చేస్తున్నారు. పొగకు నాకు దగ్గు తెర మొదలైంది, అతను చూస్తుండగానే పంపు పీల్చాను.

"బిడ్డ కాన్పుకు పోతున్న, తొవ్వియ్యుండ్రి" అన్నాను అద్దం దించి.

"జై తెలంగాణ అను అవ్వా, పో" అన్నాడొకడు.

"నీకొక్కనికే అస్తదా తెలంగాణ, నాకు రాదా?" అని కసిరి, అతనికంటే గట్టిగా అన్నాను. నవ్వుతూ వంట బగోనెలు పక్కకు జరిపి దారిచ్చారు.

నీళ్ళ విషయంలో మాత్రం డాక్టరు మాట వినలేదు. బస్సు ప్రయాణాలు చేసిన ఆడవాళ్ళకు ఇది పాత అలవాటు. దారిలో మరుగు దొరకదని పొద్దున్నుంచే చుక్క ముట్టం. హైదరాబాదు చేరేసరికి నా నాలుక పిడచగట్టుకుపోయింది.

విమానంలో సిరిసిల్ల అతనికీ నాకూ పక్కపక్క సీట్లే వచ్చాయి. కూర్చోగానే తలమీది గుండ్రటి రంధ్రంలోంచి గాలి తగిలింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచి దాన్ని తిప్పి మూసేసింది. బీడీలు చుట్టేవాళ్ళం ఎండాకాలంలోనైనా ఫ్యాను వెయ్యం, చాటలో తంబాకు ఎగిరిపోతుంది. అతనూ మెచ్చుకోలుగా తలూపి తనది మూసుకున్నాడు. మగ్గాల షెడ్డులోకి గాలి వస్తే పోగు తెగుతుందట. ఇద్దరం ఇద్దరమే!

విమానం ఎంతకీ కదలలేదు. తలుపులు వేసేశారు. ఏసీ అంతంత మాత్రం, లోపల నిండా జనం. నా రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇప్పుడు దగ్గితే దించేస్తారు, దించితే నా కూతురు ఒంటరిగా కంటుంది. ఆ భయానికి ఊపిరి మరింత బిగుసుకుంది.

"పంపు ఏదక్కా?" అన్నాడతను.

"సప్పుడు జెయ్యకు తమ్మీ, దించుతరు."

"దించుడు తర్వాత సంగతి. నువ్వు గిట్లనే సస్తే బిడ్డ కాడికి ఎవలు పోతరు?" అంటూ లేచి మా ఇద్దరి గాలీ తిప్పి తెరిచాడు.

నాకు సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రెండూ నామీదే. పంపు రెండుసార్లు పీల్చి, బొత్తాం నొక్కి విమానం అమ్మాయిని నేనే పిలిచాను. ముడి విప్పి చీటీ చేతిలో పెట్టాను. నా అదృష్టం, ఆమెకు తెలుగొచ్చు.

"నాకు దమ్ము బీమారున్నది బిడ్డా. దాసిపెట్టిన, తప్పే. జెర నీళ్లియ్యి. దించకుండ్రి."

ఆమె చీటీ పట్టుకొని ముందుకు పోయింది. తిరిగి వచ్చేదాకా నా ప్రాణం నాలో లేదు. నీళ్ళ సీసాతో వచ్చింది. "తాగుతూ ఉండండి. ఇబ్బందయితే వెంటనే పిలవండి, ఆక్సిజన్ ఉంది" అంది. మీలాంటివాళ్ళ కోసమే చీటీ ఉండేది, ముందే చూపించాల్సింది అని మెల్లగా మందలించింది కూడా.

పైకి పోయాక డాక్టరు చెప్పిన గుట్ట నిజంగానే ఎదురైంది. ముక్కులు ఎండి మండాయి. గుక్కగుక్కగా తాగాను, లేచి అటూ ఇటూ నడిచాను, సిగ్గు లేకుండా మూడుసార్లు మరుగుదొడ్డికి పోయాను. పలుచని గాలైతేనేం, నాకు చాలినంత లాక్కున్నాను.

మస్కట్‌లో అల్లుడు నన్ను నేరుగా దవాఖానకు తీసుకుపోయాడు. నా కూతురు నొప్పులతో మంచం అంచు పట్టుకుని ఉంది.

"నాతోని గాదమ్మా. ఊపిరాడ్తలేదు."

"ఎందుకు గాదు? పండ్లు బిగియ్యకు. నోరు తెర్వు, నాతోపాటు తీస్కో."

పిల్లికూతలతోనే నేను పీల్చాను, నాతోపాటు అది పీల్చింది. మధ్యాహ్నానికి మనవరాలు పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. తల్లీకూతుళ్ళం ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, నర్సు వీపు తట్టింది. ఆ పిల్ల నోరంతా తెరిచి గాలి పీల్చుకుని, గది అదిరేలా ఏడ్చింది.